ఒకే పేరున్న రెండు ప్రాసెసర్లు

కర్నూలులో మా ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి బల్ల కింద నిలబడి ఉండే డెస్క్‌టాప్, రెండవది పొలాలకు వెంట తీసుకుపోయే ల్యాప్‌టాప్. రెండింటిలోని ప్రాసెసర్ల పేరు ఒకటే, తరం ఒకటే. పేరు చివరనున్న ఒక అక్షరం మాత్రమే వేరు.

భూమిలోకి కరెంటు పంపి, రాతిపొరలు దానిని ఎంతగా అడ్డుకుంటున్నాయో కొలిచి, బోరు ఎక్కడ వేయవచ్చో చెప్పడం నా వృత్తి. కొలతలు తీయడం మనుషుల పని. ఆ కొలతలకు సరిపోయే భూమి ఏదో తేల్చడం కంప్యూటరు పని. అది ముందు ఒక భూమిని ఊహిస్తుంది. ఆ ఊహకూ నా కొలతలకూ మధ్య తేడా ఎంతో లెక్కగడుతుంది. దిద్దుకుని మళ్ళీ ఊహిస్తుంది. ఇలా పది సార్లు.

ల్యాప్‌టాప్ కొన్న వారంలోనే ఒక పాత పొలం కొలతలను రెండింటికీ ఇచ్చి గడియారం పట్టుకుని కూర్చున్నాను. పది ఊహలకు డెస్క్‌టాప్ ఇరవై రెండు నిమిషాలు తీసుకుంది, ల్యాప్‌టాప్ ముప్పై ఎనిమిది. నన్ను ఆకర్షించింది ఆ తేడా కాదు, తేడా మొదలైన చోటు. మొదటి మూడు నిమిషాలు రెండూ సరిసమానంగా నడిచాయి. ఆ తరువాత ల్యాప్‌టాప్ వేగం నాలుగు గిగాహెర్ట్జ్ నుంచి మూడు కిందికి జారి అక్కడే నిలిచిపోయింది. కారణంలో రహస్యమేమీ లేదు. డెస్క్‌టాప్ ప్రాసెసర్ నెత్తిన పిడికిలి కంటే పెద్దదైన లోహపు రెక్కల దిమ్మ, దాని పక్కన విస్తరాకంత ఫ్యాను ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో ఆ పనంతా బల్లపరుపుగా నొక్కిన రెండు రాగి గొట్టాలు, బిస్కెట్టు మందం ఫ్యానులు చేయాలి. వేడి తొంభై అయిదు డిగ్రీలు తాకగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇద్దరు పరుగుగాళ్ళకూ కాళ్ళు ఒకటే, ఊపిరే వేరు.

అయితే ఆ ఊపిరిని పెంచవచ్చునా అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. మా ఇంట్లో నేలంతా కడప నాపరాయి. వేసవి మధ్యాహ్నాల్లో చొక్కా విప్పి ఆ బండల మీద బోర్లా పడుకుని పెరిగినవాణ్ణి నేను. చల్లదనం అంటే నా ఒంటికి తెలిసిన అర్థం అదే. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నాలుగు రబ్బరు కాళ్ళను బ్లేడుతో ఊడదీసి, లోహం రాతికి పూర్తిగా ఆనేట్టు పెట్టి, అయిదు నిమిషాలు పరీక్షించాను. వేడి ఎనిమిది డిగ్రీలు తగ్గింది. నోటు పుస్తకంలో ఆ అంకె రాసి, కింద గీత కొట్టాను.

ఆ ల్యాప్‌టాప్‌తో మొదటిసారి పొలానికి వెళ్ళింది ఆలూరు దగ్గరి ఒక పల్లెకు. మార్చి నెల, బుధవారం. నన్ను పిలిపించినవారు నాలుగెకరాల మెట్ట ఉన్న భార్యాభర్తలు. అంతకు ముందు పొలం నడుమ వేసిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే మనిషి ఒకడు తూర్పు గట్టు దగ్గర గుర్తు పెట్టిపోయాడు. భర్తకు ఆ గుర్తు మీద నమ్మకం, భార్యకు లేదు. ఈ బోరు కూడా ఎండిపోతే సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకోత కూలికి, ఇంటిల్లిపాదీ పోవాలి. పదో తరగతి చదివే వాళ్ళ కూతురికి పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. తోడు లేకుండా ఆ పిల్లను ఇంట్లో వదిలిపెట్టే వీలు లేదు.

బోరు బండి అప్పటికే వచ్చి గట్టు మీద నిలిచి ఉంది. దాని డ్రైవరు గడియారం చూపించాడు. బుధవారం రాహుకాలం పన్నెండుకు మొదలు; ఆ లోపల మొదలుపెట్టకపోతే బండిని ఇంకో ఊరికి తోలుకుపోతాడు.

"మేము చర్చికి పోయేవాళ్ళం, మాకు యాడిది అన్నా రాహుకాలం?" అంది భార్య.

"మీకు లేదమ్మా, నా బండికుండాది. పోయిన నెల ఒకాయన మాట విని రాహుకాలంలో దించితే రాడ్డు ఇరిగి లోపల్నే పడింది. జాగా పదకొండూ ముక్కాలుకల్లా చెప్తే బండి నిలబెట్టుకుంటా."

పదకొండూ పదికి నా కొలతలు పూర్తయ్యాయి. ముప్పై ఎనిమిది నిమిషాలు కలిపితే పదకొండూ నలభై ఎనిమిది. మూడు నిమిషాలు ఆలస్యమైనా డ్రైవరు సర్దుకుంటాడు. వాళ్ళ వసారాలో ఒక పెద్ద నాపరాతి అరుగు ఉంది. ఆమె దానిని తడిగుడ్డతో తుడిచి, "ఈడ పెట్టు సార్, సల్లగుంటాది" అంది. నా ప్రయోగమే ఆమె నోట వచ్చినట్టు సంతోషించి, ల్యాప్‌టాప్‌ను ఆ రాతికి ఆనించి, లెక్క మొదలుపెట్టి, పొలంలో పరిచిన కొలత తీగలు చుట్టడానికి వెళ్ళాను.

పదకొండూ నలభైకి తిరిగి వచ్చేసరికి అది అయిదు ఊహలు దాటి ఆరవ దానిలో ఈడుస్తోంది. వేగం ఒకటిన్నర గిగాహెర్ట్జ్. మొదటి రెండు ఊహలు అయిదు నిమిషాల్లో ముగిశాయి. ఆ తరువాత ఒక్కొక్కదానికి ఏడు నిమిషాలు. చెయ్యి కింద పెడితే అరుగు అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వేడిగా ఉంది. అప్పుడు గాని నా తప్పు నాకు కనబడలేదు. ల్యాప్‌టాప్ గాలి పీల్చుకునేది అడుగు నుంచే. రబ్బరు కాళ్ళు తీసేసి నేనే దాని ముక్కు మూశాను. రాయి కొద్ది నిమిషాలు వేడి తాగి ఆ తరువాత మానేసింది. ఇంట్లో ఆ కొద్ది నిమిషాలనే కొలిచి ఊరుకున్నాను.

"ఏమైంది సార్? మిషన్ అలిసిపోయిందా?" అన్నాడు భర్త.

"గాలి ఆడటం లేదు. దీని కింద పెట్టడానికి ఏదైనా ఉందా?"

ఆమె పొయ్యి దగ్గరి నుంచి బొటనవేలి లావు పత్తికట్టెలు రెండు తెచ్చింది. వాటి మీద ఎత్తి పెట్టగానే ఫ్యానుల మోత మారింది. వేగం రెండు దాటింది, రెండున్నర దాటింది. ఆరవ ఊహ రెండు నిమిషాల్లో ముగిసింది. ఏడవది ముగిసేసరికి పదకొండూ నలభై ఏడు.

"సార్, నేను పోతాండా" అని డ్రైవరు ఇంజను తిప్పాడు.

పదికి పది ముగియకుండా నేను ఎన్నడూ మాట చెప్పినవాణ్ణి కాను. తెర మీద వరుసగా ఏడు బొమ్మలు ఉన్నాయి. రెండవ, మూడవ ఊహల్లో నీటి జాడ తూర్పు గట్టు కిందనే కనిపించింది. అది పైపొరలోని తడి బంకమట్టి అని అయిదవ ఊహ నుంచి తేలిపోయింది. లోతులో నీళ్ళు దాచుకునే పగిలిన రాయి పడమర, రాళ్ళకుప్ప పక్కన, ప్రతి ఊహకూ మరింత స్పష్టపడుతోంది. తేడా శాతం పద్నాలుగు నుంచి నాలుగుకు దిగి, చివరి రెండింటిలో దాదాపు కదలడం మానేసింది. మూడవ ఊహ దగ్గర ఆగి ఉంటే తూర్పు అని చెప్పేవాణ్ణి. ఏడు దగ్గర ఆగవచ్చునా? ఎనిమిదవది వచ్చి మళ్ళీ బొమ్మను తిప్పితే?

"లెక్క పూర్తి కాలేదు. ఉన్నంతలో పడమర అంటోంది," అన్నాను.

"లెక్క ఏమంటాందో కాదు సార్, నువ్వేమంటావు?" అందామె.

"పడమర."

భర్త తూర్పు గట్టు వైపు ఒకసారి చూశాడు. "టెంకాయ ఆయప్పకు ఏం చెప్పాలమ్మే?"

"టెంకాయ పచ్చడి చేసుకుంటిమని చెప్పు. ముందు బండికి అడ్డం తప్పుకో!"

బండి పడమరకు కదిలింది. డ్రైవరు యంత్రానికి కర్పూరం వెలిగించాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని రెండు వాక్యాల ప్రార్థన చేసింది. పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా ఉలి నేలను తాకింది. మధ్యాహ్నం మూడు దాటేదాకా తెల్లటి రాతి పిండి ఎగిరి మా ముగ్గురి కనుబొమలనూ తెల్లబరిచింది. మూడువందల పది అడుగుల దగ్గర పిండి ఎగరడం మాని ముద్దగా పడింది. ఇంకో పాతిక అడుగులకు నీళ్ళు చిమ్మాయి. అంగుళమున్నర నీళ్ళు అన్నాడు డ్రైవరు.

"అంగుళమున్నరకు నాలుగెకరాలు తడవదు. ఒగరైతే సుగ్గికి పోవాల్సిందే. నువ్వు పో, నేను మడి చూసుకుంటా" అన్నాడు భర్త.

"నీళ్ళు మడికి తిప్పి నువ్వు గట్టు మీద గుర్రు పెడతావు. నువ్వే పో. పాపకు తోడు నేనుంటా."

మరునాడు కర్నూలులో అవే కొలతలను డెస్క్‌టాప్‌కు ఇచ్చాను. ఇరవై రెండు నిమిషాల్లో పది ఊహలూ ముగిశాయి. మొదటి ఏడు, ల్యాప్‌టాప్ ఇచ్చినవాటితో కాగితం మీద చూపే ఆఖరి అంకె దాకా కలిశాయి. మిగిలిన మూడింటిలో పగిలిన రాయి చోటు మారింది అర మీటరు కూడా లేదు. ఆలోచిస్తే, డెస్క్‌టాప్ ముందు కూర్చున్న ఇన్నేళ్ళలో పది ఎందుకు, ఏడు ఎందుకు కాదు అని నేను అడిగి ఎరగను. ఇరవై రెండు నిమిషాల్లో అన్నీ అయిపోతుంటే ఆ ప్రశ్న పుట్టలేదు. సరిపోయే ఊహ ఎన్నోదో ముందే పసిగట్టే మార్గం ఏదైనా ఉందా అని పాత పొలాల కొలతలన్నీ ఇప్పుడు తిరిగి నడిపిస్తున్నాను. ఒక్కో పొలం ఒక్కో అంకె చెబుతోంది. కారణం ఇంకా దొరకలేదు.

ఆ వారంలోనే ఆమెకు ఫోను చేసి, లెక్క పూర్తయిందనీ, పడమరే సరైనదనీ చెప్పాను.

"నీళ్ళు పడి నాలుగు దినాలాయె, ఇప్పుడు చెప్తాండావా సార్!" అని నవ్వింది. "మా ఆయప్ప నిన్న సుగ్గి బండెక్కినాడు, ఒక్కడే. పాప ఈడ్నే ఉండాది, చదువుకుంటాంది. మడికి నీళ్ళు పారుతాండాయి, మళ్ళ మాట్లాడతా."

ఫోను పెట్టేసింది.