వెనక దారం

మొన్న ఆదివారం మా కోడలు ఫోన్‌లో వీడియో పెట్టుకుని రెండు రంగుల ఊలుతో టోపీ అల్లుతోంది. వీడియోలో ఎవరో అమ్మాయి అల్లిక తిప్పి చూపిస్తూ, "ఎర్ర కుట్లు వేసేటప్పుడు తెల్ల దారం ఇలా వెనకనుంచి పోతుంది. దాన్ని లాగకండి, వదులుగా వదలండి" అంది. చిక్కుడుకాయలు వలుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ పెట్టమన్నాను. కిటుకంతా అంతే, అంతకుమించి ఏమీ లేదు. ఆ ఒక్క మాట కోసం నేను మా అత్తగారి దగ్గర తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను.

ఆమెది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. గుంతకల్లులో ఉన్నప్పుడు పొరుగున ఉండే రైల్వే గార్డు భార్య దగ్గర స్వెటర్లు అల్లడం నేర్చుకుందట. మా కర్నూలులో స్వెటర్ వేసుకునేంత చలి ఏడాదికి ఇరవై రోజులుంటే గొప్ప. తక్కిన రోజులు ఒంటికి చెమటే చొక్కా. అయినా ఆమె అల్లే చిలకల స్వెటర్ కోసం వీధి వీధంతా మా గుమ్మం ఎక్కేది. ఎట్లా వేసుకోవాలో మాత్రం అడక్కపోయినా చెప్పేది. "డిజైను స్వెటర్ ఏసుకుంటే సాదా చీరే కట్టల్ల. పూల మింద పూలేస్తే సంతలో దుప్పట్లంగడి మాదిరి ఉంటాది."

నాకు సాదా అల్లిక నేర్పింది. రంగు మార్చే వరుస రాగానే, "పొయ్యి మింద పాలుండాయి, సూసిరా పో" అనేది. నేను వచ్చేసరికి ఆ వరుస అయిపోయేది. మగ్గాల ఇళ్ళలో పనిగుట్టు ఆడపిల్లకు చెప్పరని, ఇంకో ఇంటికి పట్టుకుపోతుందని ఒకసారి ఆమే అంది. నేను వచ్చిందే ఈ ఇంటికి కదా అని అడిగే ధైర్యం అప్పట్లో నాకు లేదు.

నేను కాపురానికొచ్చిన తొమ్మిదో ఏడు మా తమ్ముడికి మిలిటరీలో ఉద్యోగం వచ్చింది. మంచు కురిసేచోట డ్యూటీ అన్నారు. వాడికోసం నా అంతట నేనే ఎరుపూ తెలుపూ వంకీలతో స్వెటర్ మొదలుపెట్టాను. వెనక దారం వదులుగా వదిలితే కుట్లు జారిపోతాయని భయం. ప్రతి వరుసా బిగించి లాగాను. వాడు పోయేరోజు అందరి ముందూ తొడుక్కున్నాడు. ఛాతీ మీద ఎండిన వంకాయలాగా ముడుచుకుంది. చేతులు పైకి లేవలేదు.

"బాగుండాదిలే అక్కా" అన్నాడు.

"మేకపిల్లకు కొలత తీసుకున్నట్టుండాది" అంది మా అత్తగారు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది మా ఆయన. తమ్ముడు బస్సెక్కి పోయాక ఆ స్వెటర్ వాడు పడుకున్న దిండు కింద మడతపెట్టి ఉంది. మళ్ళీ నేను సూదులు పట్టలేదు.

చివరి రోజుల్లో మా అత్తగారి చేతులు వణికేవి. నేనే జావ తాగించేదాన్ని. ఒకరోజు అడిగేశాను. "రెండు రంగుల పని నాకెందుకు చెప్పలేదత్తా?"

నోట్లో జావ మింగింది. తర్వాత, "అది గూడా నీకొచ్చేస్తే, ఈ ఇంటికొచ్చేటోళ్ళు నన్నెవురడుగుతారు?" అంది.

"ఇప్పుడైనా చెప్పు."

"చేతులు రావు" అని గోడవైపు తిరిగింది. చెప్పడానికి చేతులెందుకు, నోరు చాలు కదా. ఆ మాట అనలేదు. మిగిలిన జావ తాగించి మూతి తుడిచాను. రెండు నెలలకు ఆమె పోయింది. చూడవచ్చినవాళ్ళంతా "ఎంత మంచి పనిమంతురాలు" అన్నారు. నేనూ తలూపాను.

సాయంత్రానికి కోడలి టోపీ అయిపోయింది. ఎక్కడా ముడత లేదు. "బాగుందా అత్తమ్మా?" అని అడిగింది. బాగుందనే అన్నాను, కానీ ఆ మాట నోట్లోంచి రావడానికి కొంచెం ఆలస్యమైంది. అది పది నిమిషాల్లో తెలిసే సంగతని తెలియకుండానే నేనూ పోయివుంటే, ఆ తొమ్మిదేళ్ళు నాకింత పొడుగ్గా కనిపించేవి కావు.