బోణీకి నొక్కొద్దన్న అక్క

అక్క పోయిన సోమవారం తెల్లవారుజామున బళ్ళారి ఆసుపత్రిలో గుండెపోటుతో చనిపోయింది. ఇంటర్నెట్‌లో ఆమె పెట్టిన మీ ప్రకటనలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. ఆ ఖాతా ఆమె పేరు మీద ఉంది. నెలాఖరుకు వాళ్ళ అన్నయ్య దాన్ని మూసేస్తారు. అప్పుడు, సరిగ్గా వరికోతలు ఊపందుకునే వేళకు, ఫోనులో వెతికేవాళ్ళకు మీ అంగళ్ళు కనబడకుండా పోతాయి. అందుకే దుఃఖం తగ్గేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

మీలో చాలామంది ఆమెను చూడనే లేదు. సిరుగుప్పలోనూ కంప్లిలోనూ అంగళ్ళు నడుపుకునే మీకు ఆమె ఒక గొంతు మాత్రమే. "చెప్పండి, నిన్న ఎన్ని ఫోన్లొచ్చాయి?" అని అడిగే గొంతు. అందుకని కాస్త చెప్తాను. తెక్కలకోటలో మాకు ఎదురిల్లు. పొట్టి మనిషి, కళ్ళద్దాలు ఎప్పుడూ నెత్తిమీదే ఉండేవి, వాటి కోసమే ఇల్లంతా వెతికేది. వాళ్ళ తాత కాలువ నీళ్ళు చూసి కోస్తా నుంచి వచ్చి, అక్కడి రైతులే వచ్చి స్థిరపడ్డ క్యాంపులో పొలం కొన్నాడట. అక్క కొన్నేళ్ళు బెంగళూరులో ప్రకటనల ఆఫీసులో పనిచేసి తిరిగి వచ్చి, ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు.

మా నాన్న రైస్ మిల్లులో మూటలు మోస్తాడు. మా ఇంట్లో బడి గడప దాటి కాలేజీ దాకా వెళ్ళింది నేనే మొదలు. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియక ఇంట్లో కూర్చుని ఉంటే, అక్క వీధి దాటి వచ్చి, "కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదువుతావు కదా? రేపట్నుంచి రా" అంది.

వారం తర్వాత మా అమ్మ అడిగింది. "ఆడ ఏం పని చేస్తాండావే?"

"బిడ్లు చూస్తాండా మా."

"యా బిడ్డల్ని? ఆయమ్మకి పెండ్లే కాలేదు కదే!"

అక్కకు చెప్తే, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు నుంచి మీ అంగళ్ళన్నీ ఆమెకు బిడ్డలే. "సిరుగుప్ప బిడ్డ ఎలా ఉన్నాడే? తింటున్నాడా?" అని అడిగేది.

ఆ పని నాకు ఆమె చెప్పిన తీరు ఇది. ఎవరో ఫోనులో 'మోటారు రిపేరీ' అని కొడతారు. రెప్పపాటులో ఒక వేలం జరుగుతుంది. ఆ మాటకు ఎవరు ఎంత పాడారో, అంటే ఎంత బిడ్ వేశారో చూసి, ఎవరి ప్రకటన పైన రావాలో, ఎవరిది కింద రావాలో తేలుతుంది. జనం నొక్కితేనే మనకు ఖర్చు. "మార్కెట్ యార్డులో ఎక్కువ పాడినవాడిదే సరుకు. ఇక్కడ అలా కాదు, ఆ మనిషి అడిగిందానికి నువ్వు సరైన జవాబు చెప్తున్నావా అని కూడా చూస్తారు. సరైన జవాబుంటే తక్కువ పాడినా పైకొస్తావు" అనేది.

సిరుగుప్పలో మోటార్లకు వైండింగ్ చేసే అన్న కథ ఆయన అనుమతితోనే చెప్తున్నాను. ప్రతిరోజూ పొద్దున, అంగళ్ళు తెరిచే వేళకు, ఆయన ప్రకటనను ఎవరో నొక్కుతున్నారు. ఫోను మాత్రం రావడం లేదు. ఎదుటి అంగడివాళ్ళ పనేమో అని నాకు అనుమానం. అక్క ఆయనకే ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

"అన్నా, పొద్దున్నే మీ ప్రకటన ఎవరు నొక్కుతున్నారండీ?"

"ఇంగెవరక్కా, నేనే! ఊదికడ్డి ముట్టిచ్చి, దేవునికి చూపిచ్చి, మొదట నేనే ఒత్తేది. బోణీ కావాల గదా, బ్యాడవా మరి?"

నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. అక్క నవ్వలేదు. "మీ అంగట్లో మీరే కొనుక్కుంటే బోణీ అవుతుందాండీ? నొక్కొద్దు. నేనే రోజూ తెర ఫోటో తీసి పంపిస్తాను, దానికి ఊదొత్తి చూపించండి" అంది.

"ఆయ్తక్కా, సరే. ఐతే దాండ్లో మనం మీదుండాల."

అలా మొదలైంది మీ అందరికీ పొద్దున్నే వచ్చే ఫోటో. ఈ మంగళవారం అది రాలేదని ఆరుగురు ఫోను చేశారు. ముందు ఫోటో తీసి పంపి, ఆ తర్వాత విషయం చెప్పాను.

'మీదుండాల' అన్నది మీలో అందరి కోరికే. కోతమిషన్లు అద్దెకిచ్చే కంప్లి అన్న అయితే, పైన ఇంకొకడు కనబడితే అన్నం తినేవాడు కాదు. అక్క ఆయన ప్రకటనను కావాలనే రెండో చోటుకు దించింది. "పైదాన్ని తొందరలో వేలు తగిలి నొక్కేవాళ్ళు చాలామంది. నిజంగా అవసరమున్నవాడు రెండోది కూడా చదువుతాడు" అనేది. ఆ నెల ఆయనకు క్లిక్కులు తగ్గాయి, బండి మాత్రం ఖాళీగా నిలబడలేదు. డ్యాము నుంచి ఏటికి నీళ్ళు వదిలి వంతెన మునిగినప్పుడల్లా, అవతలి గట్టు ఊళ్ళకు ప్రకటన ఆపేసేది. "మనం వెళ్ళలేని పొలానికి మనల్ని చూపించడం ఎందుకు?" అనేది.

నాకు ఫోనులో మాట్లాడాలంటే భయం. ఒకరోజు ఆ కంప్లి అన్నే ఫోను చేశాడు.

"ఏ పాపా, అక్కకియ్యి."

నేను ఫోను చాచాను. అక్క తీసుకోలేదు. "మీ ప్రకటన చూసేది ఆ అమ్మాయేనండీ, తనతోనే మాట్లాడండి" అని గట్టిగా చెప్పి, తడిబట్టల బకెట్టు తీసుకుని మిద్దె మీదికి వెళ్ళిపోయింది. ఆయన కోప్పడ్డాడు, నేను తడబడ్డాను, చివరికి 'కోతమిషన్' అనే మాటకు ఎంత పాడాలో మేమిద్దరమే తేల్చుకున్నాం. ఫోను పెట్టేసేసరికి ఆయన నన్ను 'అమ్మా' అంటున్నాడు. అక్క చాలాసేపటికి గాని కిందికి రాలేదు. ఆ బకెట్టులో ఉన్నవి రెండే తువాళ్ళు.

నాకు పని నేర్పేవాళ్ళు దొరకడం అదృష్టమే. నేను నేర్చుకున్నానని నాకంటే ముందే నమ్మిన మనిషి దొరకడం అంతకంటే పెద్ద అదృష్టం.

ఆమె నియమం ఒకటి మీరు తెలుసుకోవాలి. ఒక ఊళ్ళో ఒక పనికి ఒక్క అంగడినే తీసుకునేది. సిరుగుప్పలోనే ఇంకో వైండింగ్ అంగడివాళ్ళు వచ్చి, అడిగినంత ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. "ఇద్దరినీ పెట్టుకుంటే రెండు పక్కలా పాడేది మనమే. పాట పెంచి ఇద్దరి జేబులూ మనమే ఖాళీ చేసినట్టవుతుంది" అంది. వాళ్ళు మొన్న నాకు ఫోను చేశారు. "ఇప్పుడు ఈ పని నీదే కదమ్మా, మమ్మల్నీ పెట్టుకో" అన్నారు. కుదరదన్నాను. ఆ మాట నేనే చెప్పి, ఫోను పెట్టేశాను.

అక్క చేసినంత బాగా చేస్తానని చెప్పలేను. ఆమె చూపించిన దారి తప్పనని చెప్పగలను. మీరు సరేనంటే, మీ ప్రకటనలను మీ మీ పేర్ల మీదికే మార్చి, రోజూ నేను చూసుకుంటాను. వద్దంటే, ఎలా ఆపుకోవాలో, ఇంకొకరికి ఎలా అప్పగించాలో చూపిస్తాను, అందులో మొహమాటం లేదు.

నిన్న ఎవరో 'వరి కోసే మిషన్ యాడ సిక్తాది' అని, మనం మాట్లాడుకునేటట్టే తెలుగులో కొట్టి వెతికారు. ఈ పొద్దున తెర మీద చూశాను. కంప్లి అన్న ప్రకటన రెండో చోట వచ్చింది. "పిలవండి, పొలం చూసి చెప్తాం" అని అందులో అక్క రాసిన మాటలు చదివి, ఆ మనిషి నొక్కి, ఫోను చేశాడు. ఇప్పుడు కంప్లి అన్న బండి ఆ రైతు మడి గట్టు ఎక్కుతూ ఉంటుంది.

నడపమంటారో, ఆపమంటారో, ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా నాకు ఒక్క మాట చెప్పండి.