అత్త గొంతు పోలేదు

మిర్చి యార్డు ఘాటుకు మా అత్త గొంతు పోయిందని మా ఇంట్లో, మా చర్చిలో, మా చుట్టాల్లో అందరూ చెప్పుకునే మాట శుద్ధ తప్పు. అత్త పోయి ఏడాది అయిన సందర్భంగా పోయిన నెల పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో పంచిన కరపత్రంలో కూడా అదే అచ్చువేశారు, మిరప ఘాటు వలన స్వరము కోల్పోయినను వినయముతో పాటల పరిచర్యను యౌవనులకు అప్పగించిరి అని. నాకు ఒళ్ళు మండిపోయింది. గుంటూరులో పుట్టినవాళ్ళం అందరం ఆ ఘాటు పీల్చుకుంటూనే పెరిగాం, సీజన్లో యార్డు వైపు నుంచి గాలి తిరిగితే బస్సు బస్సంతా ఒకేసారి తుమ్ముతుంది, అయినా ఈ ఊళ్ళో గొంతు తగ్గిన మనిషిని ఒక్కరిని, ఒక్కరంటే ఒక్కరిని నాకు చూపించండి. ఆటోవాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాళ్ళ దాకా అరిచి మాట్లాడేవాళ్ళమే. అంత ఘాటూ ఏరి ఏరి మా అత్త గొంతునే పట్టుకుందా?

ఈ మాటే పక్కన కూర్చున్న తమ్ముడితో అంటే, "ఇక్కడ కూడా వాదనేనా అక్కా, కాసేపు ఊరుకో" అన్నాడు. ఇంటికెళ్ళాక వాడే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక పాత ఫొటో పెట్టాడు. రెండు జడలు వేసుకుని నేను, నా ముందు చెక్క తలుపుల టీవీ, దాని ముందు లావుపాటి కీబోర్డు, పక్కన టేప్ రికార్డరు. అందరికన్నా ముందు కంప్యూటర్ నేర్చింది మా అక్కే అని కింద రాశాడు. చుట్టాలందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అత్త గొంతు పోయిన కథా, నేను కంప్యూటర్ నేర్చిన కథా మా ఇంట్లో ఎప్పుడూ వేరువేరుగానే చెబుతారు. అవి రెండూ ఒకటే కథ అని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ముప్పై ఏళ్ళు దాటింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ కంప్యూటర్ మాది కాదు. నాన్న లెక్కల మాస్టారుగా పనిచేసే స్కూలుకి ఎవరో దాత రెండు పంపిస్తే, వాటినేం చేయాలో తెలియక బీరువాలో పెట్టి తాళం వేశారు. నాన్న హెడ్మాస్టరు గారిని బతిమాలి ఒకదాన్ని వేసవి సెలవుల్లో ఇంటికి తెచ్చారు. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇప్పటిలా తెర వేరు, పెట్టె వేరు కాదు, కంప్యూటరంతా ఆ కీబోర్డులోనే. ఇంట్లో టీవీయే దాని తెర. కరెంటు తీసేస్తే అప్పటిదాకా మనం రాసిందంతా మర్చిపోయేది, మన కరెంటేమో తీయకుండా ఉన్న రోజు లేదు. అందుకని రాసిన ప్రోగ్రాముని మామూలు పాటల క్యాసెట్ మీదకి ఎక్కించుకోవాలి, మళ్ళీ కావలసినప్పుడు ఆ క్యాసెట్ని వినిపించాలి. ఆ చప్పుడు విన్నారా మీరెప్పుడైనా? కాగుతున్న నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు, మధ్యలో పందిపిల్ల అరిచినట్టు ఉండేది. అది వింటూ, అర్థం చేసుకుంటున్నట్టు తల ఊపుతూ కూర్చునేదాన్ని. అంత గర్వంగా ఆ తర్వాత దేన్నీ వినలేదు.

టేప్ రికార్డరు మాత్రం అత్తది. అత్త అంటే నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు, ప్రైమరీ స్కూలు టీచరు, మాతోనే ఉండేది. ఆవిడ పాట గురించి నేను చెబితే పక్షపాతం అంటారు గాని, మా చర్చిలో మైకు పాడైన ఆదివారాలు కూడా ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అదివరకు శనివారాలు బస్సెక్కి సింగరాయకొండ పక్క పల్లెలకీ, కొత్తపట్నం దగ్గర చేపలు పట్టేవాళ్ళ వాడలకీ వెళ్ళి పాటలు నేర్పి వచ్చేది. మోకాళ్ళు పట్టేశాక వెళ్ళలేక, ఇంట్లోనే పాడి రికార్డు చేసి, రెండు వారాలకోసారి వచ్చే అటువైపు పాస్టరు గారి చేత క్యాసెట్లు పంపేది. అక్కడ చదువు రానివాళ్ళే ఎక్కువ. పాటల పుస్తకం ఇస్తే నెత్తిన పెట్టుకుంటారు గాని తెరవలేరు. అత్త క్యాసెట్టే వాళ్ళ పుస్తకం. ఒక్కో పాటా మూడుసార్లు పాడేది, మొదటిసారి వినడానికి, రెండోసారి కలిసి పాడడానికి, మూడోసారి తప్పులు దిద్దుకోవడానికి.

స్కూలువాళ్ళు కంప్యూటరుతో ఇచ్చిన క్యాసెట్ మా రికార్డరులో ఎక్కలేదు. పదిసార్లు పెట్టినా తెర మీద తప్పు తప్పు అనే వచ్చేది. మా ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ గారిని అడిగితే, టేపుని చదివే ఇనప ముక్క పక్కన చిన్న స్క్రూ ఉంటుందమ్మా, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ విను, చప్పుడు పదునుగా వచ్చిన చోట ఆపెయ్యి అన్నారు. అమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి తిప్పాను. పదునుగా వచ్చింది. ప్రోగ్రాం ఎక్కింది. నేను గెంతిన గెంతుకు పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూశారు. ఆ స్క్రూ ముందెక్కడ ఉందో గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

దాని మర్మం ఇంతే, స్క్రూ తిప్పితే ఆ ఇనప ముక్క వాలు మారుతుంది, ఏ వాలులో రికార్డు చేశామో అదే వాలులో వినాలి. నేను ఆ ముక్కని వంచాను. అప్పట్నుంచి అత్త మా రికార్డరులో పాడిన పాట మా రికార్డరులో వింటే చక్కగా ఉండేది, ఇంకెక్కడ విన్నా మూత పెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టుండేది.

నెల తిరక్కుండానే పాస్టరు గారు మొహమాటపడుతూ చెప్పారు, మీకు ఒంట్లో బాగోలేదా అమ్మా, పల్లెల్లో అడుగుతున్నారు, గొంతు లోపలికి పోయినట్టుంది, మాటలు తెలియడం లేదంటున్నారు అని. అత్త ఆ పాటే మళ్ళీ మా రికార్డరులో పెట్టుకుని వింది. బాగానే ఉంది. ఇంకోసారి వింది. అప్పుడు మొదలైంది ఆవిడ తిప్పలు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, మిరియాల పాలు తాగింది, డాక్టరు గారి దగ్గర నోరు తెరిచి చూపించుకుంది. ఆయనకు ఏమీ కనపడక, మిర్చి ఘాటు అయ్యుంటుందన్నారు. అదిగో, కరపత్రంలో అచ్చయిన మాట అక్కడ పుట్టింది. మా చర్చిలోవాళ్ళు బాగానే పాడుతున్నారు టీచరుగారూ అంటే, మొహం మీద బాలేదని ఎవరంటారు అనేది. పరాయివాళ్ళే నిజం చెబుతారని ఆవిడ నమ్మకం.

ఒకరోజు నన్నే అడిగింది.

"ఏమే, నీకు వాదించడం తప్ప పొగడ్డం రాదుగా, నిజం చెప్పు. నా గొంతు ఎలా ఉంది?"

"బాగానే ఉందత్తా."

"అయితే అంతమందికీ చెవుల్లేవా?"

"ఏమో, నాకేం తెలుసు?"

నాకు తెలుసు. అంతకు రెండు రోజుల ముందే అత్త క్యాసెట్ ఒకటి స్నేహితురాలి ఇంట్లో పెట్టి విన్నాను. నాలుగు మాటలకే అర్థమైపోయింది. అప్పటికి కంప్యూటర్ మీద నేను రాస్తున్న ఆట సగం దాటింది. పైనుంచి మిరపకాయల టిక్కీలు, అదే యార్డులో దించే గోనె బస్తాలు, రాలుతుంటే కింద హమాలీ అటూ ఇటూ పరిగెత్తి పట్టుకోవాలి, కాలేజీ తెరవగానే పెట్టే సైన్సు ఎగ్జిబిషన్లో చూపించాలి. ఆ ఆటంతా వంచిన వాలులోనే క్యాసెట్‌కి ఎక్కింది. స్క్రూ వెనక్కి తిప్పితే నా ఆట పోతుంది. చెబితే నాన్న, తన అక్క వస్తువు పాడుచేశానని, కంప్యూటర్ తీసుకెళ్ళి మళ్ళీ బీరువాలో పెడతారు. ఎగ్జిబిషన్ అయ్యాక తిప్పేద్దాం, ఈ మూడు వారాల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకపోతే నేనూ ఆ కరపత్రం రాసినవాళ్ళలాగే అవుతాను. ఆట పోనక్కర్లేదు. వంచిన వాలులోనే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కరెంటు తీయకుండా స్క్రూ సరిచేసి, మళ్ళీ క్యాసెట్ మీదకి దింపుకుంటే అయిపోయేది. పావుగంట పని. నేను కంప్యూటర్ లెక్చరర్నయ్యాక ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ ఇది తట్టి, బోర్డు మీద సగం వాక్యం దగ్గర ఆగిపోయాను. పిల్లలు నాకు బీపీ అనుకుని మంచినీళ్ళు తెచ్చారు. పదహారేళ్ళప్పుడు ఆ ఉపాయం నాకు నిజంగా తోచలేదా, లేక మధ్యలో కరెంటు పోతే నా ఆట పోతుందన్న భయంతో తోచనివ్వలేదా అని ఇప్పటికీ నాతో నేనే వాదించుకుంటాను. ఆ వాదనలో మాత్రం ఎప్పుడూ నేనే ఓడిపోతాను.

ఎగ్జిబిషన్ ఇంకో వారం ఉందనగా కొత్తపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. చేపలమ్ముకునే ఆవిడ, కోడలి కాన్పుకి గుంటూరు ఆసుపత్రికి వచ్చి, పాటలు నేర్పిన టీచరమ్మని చూసిపోదామని ఎండుచేపల పొట్లం పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అత్త వంటింట్లో పచ్చడి నూరుతూ తన పాటికి తాను పాడుకుంటోంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయ్య బాబోయ్ టీచరమ్మా! నీ గొంతు పోయిందని మావోళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ఇదేంది, గంట కొట్టినట్టుండాది!"

అత్త నూరడం ఆపి నవ్వింది. "ఏదోలే అక్కా, ఇంట్లో పాడుకోడానికి సరిపోతుంది."

"మరి ఆ క్యాసెట్లో ఏంది, కడవలో తలకాయ పెట్టి పాడినట్టు? అది మిషను రోగమమ్మా, నీ రోగం కాదు. మిషన్ని తన్నాల గానీ నువ్వు మందులు తాగితే ఏమొచ్చుద్ది?"

ఒక్క అక్షరం చదవని మనిషి. డాక్టరు గారికీ, పాస్టరు గారికీ, లెక్కల మాస్టారైన మా నాన్నకీ తట్టనిది ఆవిడకు తట్టింది. నేను ఆ పక్క గదిలోనే, తలుపు తీసే ఉంది, టీవీ ముందు కూర్చున్నాను. రికార్డరు మూత తెరిచి ఉంది, పక్కన స్క్రూడ్రైవర్. అత్త చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. రికార్డరు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ స్క్రూడ్రైవర్ తీసి కుట్టుమిషన్ సొరుగులో పెట్టి, సొరుగు మూసి, "రాసుకో" అని వెళ్ళిపోయింది. అంతే. ఏ వస్తువు ఎక్కడ కనిపించినా తీసి సర్దే మనిషే ఆవిడ. చెప్పులు, దువ్వెనలు, సుద్దముక్కలు, ఏవైనా సరే. అందుకే ఆ పనికి అర్థం ఉందో లేదో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ వారమే పాస్టరు గారు వస్తే, గొంతు సహకరించడం లేదండీ, మీ దగ్గరే పాడే అమ్మాయిలు ఉన్నారుగా, వాళ్ళ చేత పాడించుకోండి అంది. పిల్లలకు అబద్ధమాడితే బెత్తం పట్టుకునే టీచరు, అంతకు నాలుగు రోజుల ముందు తన గొంతు గంటలా ఉందని విన్న మనిషి, ఆ మాట ఎలా అనగలిగిందో నాకు తెలియదు. నాకు ఎగ్జిబిషన్లో మొదటి బహుమతి వచ్చింది. అత్త వచ్చి మూడు ఆటలు ఆడి, ఒక్క టిక్కీ కూడా పట్టుకోలేక తెగ నవ్వింది. ఇంటికి రాగానే అత్త పాత క్యాసెట్ ఒకటి పెట్టి, పాట పదునుగా వినిపించేదాకా స్క్రూ వెనక్కి తిప్పేశాను. అత్త పాత పాటలు మళ్ళీ నిగనిగలాడాయి. కాని ఆవిడ ఆ తర్వాత రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కలేదు. చర్చిలో కూడా వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది, అందరూ పాడుతుంటే పుస్తకం చూస్తూ ఉండేది. పాటలన్నీ కంఠతా వచ్చిన మనిషికి పుస్తకమెందుకు?

ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. ఉద్యోగం వచ్చినప్పుడు, నా పెళ్ళి రోజున, ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు. ప్రిన్సిపాళ్ళతో, బస్సు కండక్టర్లతో, నా మొగుడితో, ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడగలిగేదాన్ని, ఆవిడ ముందు ఈ ఒక్క మాట దగ్గర నోరు పెగిలేది కాదు. చివరి నెలల్లో ఆవిడ పక్కనే కూర్చుని గంటలకొద్దీ పిచ్చాపాటీ మాట్లాడాను, ఇది తప్ప.

ఇప్పుడు ఫోనులో గొంతు సరిగ్గా వినపడకపోతే, సిగ్నల్ లేదు, నీ ఫోను బాలేదు, మళ్ళీ చెయ్యి అంటాం. పసిపిల్లలకి కూడా ముందు యంత్రం మీదే అనుమానం. మా రోజుల్లో ఇంట్లోకి అరుదుగా వచ్చిన ఏ యంత్రమైనా మాకు అతిథి లాంటిది, దాన్ని తప్పుపట్టడానికి మొహమాటం, తప్పేదైనా ఉంటే అది మనిషిదే. అందరం అలాగే ఉన్నాం, ఒక్క చేపలావిడ తప్ప. ఆ పాత డబ్బాల మీద ఇప్పుడు అందరూ చూపించే ముచ్చట నాకూ ఉంది, లేదనను, ఆ కీచుమనే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో తియ్యగానే ఉంటుంది. నాకు సిగ్గేసేది కూడా దానికే.

కరపత్రాన్ని ఎలాగూ మళ్ళీ అచ్చు వేయించలేను. తమ్ముడు ఇది చదివి ఏమంటాడో అదీ నాకు అక్కర్లేదు. నాకు తేలనిది ఒక్కటే. ఆరోజు గదిలోకి వచ్చి నా వైపు చూసినప్పుడు అత్తకు సంగతి తెలిసిపోయిందా? తెలిసే ఉంటే, నా బహుమతి కోసం తన పాటని వదిలేసుకుందా, లేక ఈ పిల్ల ఎప్పటికైనా తనంతట తానే వచ్చి చెబుతుందని, చెప్పాకే మళ్ళీ పాడదామని, అన్నేళ్ళూ వెనక వరసలో కూర్చుని ఎదురుచూసిందా?