టీ కాచి చూపించాల్సిన ఆదివారం

మా ఆయన పోయిన నాలుగు నెలలకు, అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ డాబా మీదికి ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిలు ఒక నీలం డ్రమ్ము ఎక్కించారు. పదహారు ఇళ్ల వంటింటి చెత్తతో పొయ్యి వెలిగేంత గ్యాస్ వస్తుందా అన్నది వాళ్ల చివరి సంవత్సరం ప్రాజెక్టు. మా ఇల్లు పై అంతస్తులో కాబట్టి తొక్కలు, మెతుకులు నా గుమ్మం ముందు బకెట్‌లో చేరేవి. వాటిని డ్రమ్ములో పోయడం నా పని. ఆ రోజుల్లో నాకు వేరే పని లేదు.

మూడు వారాలైనా, గ్యాస్ పట్టడానికి డ్రమ్ముకు తగిలించిన లారీ ట్యూబు ఉబ్బలేదు. అసోసియేషన్ సెక్రటరీ గారు ముక్కు మూసుకుని పైకొచ్చారు.

"నెల టైమిస్తున్న. వచ్చే నెల ఆదివారం మీటింగ్‌ల దీని మీద టీ కాచి చూపియ్యండి. లేకుంటే తీస్కపోండి."

డ్రమ్ము పోతే వాళ్ల ప్రాజెక్టూ పోతుంది.

మర్నాడు ఒకమ్మాయి నా బకెట్‌లో తల పెట్టింది.

"ఆంటీ, గీ వాసనేంది?"

"ఫినాయిల్. మీకు కంపు కొట్టకూడదని రోజూ రెండుసార్లు కడుగుతున్నాను."

"కడిగిన నీళ్లు?"

"డ్రమ్ములోనే పోస్తున్నా. వృథా ఎందుకని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గ్యాస్ చేసేదే లోపలున్న సూక్ష్మజీవులు ఆంటీ. మా ప్రాజెక్టుకు మీరే సమాధి కట్టిండ్రు," అంది ఆ అమ్మాయి. వెంటనే తలుపులోంచి మా ఆయన ఫొటో చూసి నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆయనుంటే నాకంటే ముందు నవ్వేవారు.

డ్రమ్ము ఖాళీ చేసి ఉత్త నీళ్లతో కడిగాం. మళ్లీ సూక్ష్మజీవులు పెరగాలంటే పేడ కలపాలన్నారు, దానికోసం యూసుఫ్‌గూడ వెళ్లాం. తిరిగొస్తుంటే మెట్రోలో ఎక్కనివ్వలేదు. ఆటోలో అమ్మాయిల మధ్య నేను, నా ఒళ్లో మూతపెట్టిన బకెట్.

"పెద్దమ్మా, ఏం కూర?" అన్నాడు డ్రైవర్ అద్దంలోంచి. సిగ్నల్ దాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.

మీటింగ్ ఆదివారానికి ట్యూబు గట్టిగా ఉబ్బింది. అందరి ముందూ పొయ్యి వెలిగించారు. ఎండలో నీలిమంట కనిపించలేదు.

"ఏడుంది మంట?" అని సెక్రటరీ గారు వేలు పెట్టారు.

"ఉంది," అన్నారు, చాలా మెల్లగా.

నేను నీళ్ల ట్యాంకు పక్కన కూలబడి నవ్వాను. ఆగలేదు. ఎదురింటామె అప్పుడే పైకొచ్చింది. నేను ఏడుస్తున్నాననుకుని పరుగున వచ్చి నా తలను పొట్టకు హత్తుకుంది. నవ్వు ఆపుకోలేక సెక్రటరీ గారిని చూపించాను.

"మా అక్కనేమన్నరు సార్?" అని ఆమె ఆయన మీదికి పోయింది.

టీ మరిగేలోపు ఆయన కుడి వేలు చల్లనీళ్ల గ్లాసులో ముంచి, డ్రమ్ము ఉంచుకోవచ్చన్న అనుమతి కాగితం మీద ఎడమ చేత్తో సంతకం పెట్టారు.