ముందే చెప్పిన సాక్ష్యం

మా అక్కకి దేవుడు దొరికాడని అందరూ అంటారు. దొరికాడు సరే, ఎంతకి దొరికాడో నన్నడగండి.

బావకి కడుపులో గడ్డ బయటపడినప్పుడు అక్క దిక్కుతోచక చర్చికి వెళ్లింది. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లలో ఒకరిని తోడు పెట్టడం అక్కడి పద్ధతి. అక్కకి టీచరమ్మని పెట్టారు. బడి నుంచి రిటైరైన మనిషే, గొంతు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు. రోజూ వచ్చి కుట్టుమిషన్ పక్కన పీట వేసుకుని వాక్యం చదివేది. అక్క చొక్కాల కాలర్లు కుడుతూ వినేది. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపే అక్క మొహంలో కాస్త కళ కనిపించేది. అందుకే నోరు మూసుకున్నాను.

ఆ చర్చిలో ఇంకో పద్ధతుంది. మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్తారు. మేలు జరక్కముందే జరిగిందని చెప్తే అది ఇంకా గొప్ప విశ్వాసమట!

"లేచి చెప్పమ్మా, మీ ఆయనకి నయమైందని. నయం చేస్తానని దేవుడు నాతో చెప్పాడు. నువ్వంత నమ్మి చెప్తే దేవుడు కాదంటాడా?" అంది టీచరమ్మ.

అక్క లేచి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో కడుపు పట్టుకుని కూర్చున్న బావ కూడా కొట్టాడు.

నెల తిరక్కుండానే పోయాడు.

సమాధి దగ్గర ఒకావిడ, "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండుంటుంది" అని పక్కావిడ చెవిలో ఊదింది. అది అక్క చెవిన పడింది. ఇంటికొచ్చి మిషన్ మీద గుడ్డ కప్పేసింది. అన్నం పెడితే ముట్టేది కాదు. "నేను సరిగ్గా నమ్మలేదేమోనే. నావల్లే పోయాడేమోనే" అని ఒకటే మాట. మనిషి సగమైపోయింది. బావతో పాటు అక్క కూడా దక్కదేమోనని భయపడ్డాను.

అప్పుడొచ్చింది టీచరమ్మ. గుమ్మంలోనే కడిగిపారేశాను.

"ఏ మొహం పెట్టుకుని వచ్చారండీ? చప్పట్లు మీవీ, పాపం మా అక్కదీనా?"

ఆవిడ, "ఆదివారం ఒక్కసారి తీసుకురామ్మా. ఆ తర్వాత నన్ను ఈ గడప తొక్కనివ్వకు" అంది.

తీసుకెళ్లాను. సాక్ష్యాల వేళ టీచరమ్మ లేచి నిలబడింది. "ఈ పిల్ల చేత అబద్ధం చెప్పించింది నేను. దేవుడు నాతో ఏమీ చెప్పలేదు. లోపం నాలో ఉంది, ఈ పిల్ల నమ్మకంలో కాదు" అంది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆ తర్వాత టీచరమ్మని ఎవరికీ తోడు పెట్టలేదు. అక్క మాత్రం వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

ఇద్దరూ కలిసి ఆస్పత్రి వార్డుకి వెళ్లడం మొదలుపెట్టారు. మంచం పక్కన కూర్చుంటారు, దుప్పటి సర్దుతారు, అడిగితే ప్రార్థన చేస్తారు. నయమవుతుందని మాత్రం చచ్చినా అనరు. టీచరమ్మ పోయాక కూడా అక్క, పొద్దున మిషన్ తొక్కి సాయంత్రం అక్కడికే వెళ్లేది. నాకు ఒళ్లు మండేది. "ఒక్క మంచిమాట అంటే నీ సొమ్మేం పోతుందక్కా?" అని దెప్పేదాన్ని.

ఇప్పుడు ఆ వార్డులో ఒక మంచం నాది. బావకి వచ్చిన గడ్డే. నిన్న అక్క నాకు జడ వేస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"నాకు నయమవుతుందని చెప్పవే అక్కా. అబద్ధమైనా పర్లేదు. ఒక్కసారి."

దువ్వెన ఆగిపోయింది. నా మెడ మీద కన్నీటిబొట్టు పడింది.

"చెప్పనే. ఇక్కడే ఉంటాను" అంది.

నీకసలు మనసుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.