రెండే సీట్లు, ఒక తెల్లగుర్రం

ఒక గుర్రం, ఒక నాయకుడు, మూడున్నరేళ్ల మా అమ్మాయి కలిసి శామీర్‌పేట రోడ్డు మీది ఒక పెద్ద బడి పరువును పట్టపగలు మట్టిలో కలిపిన కథ ఇది. దాంతోపాటు నా పరువూ పోయింది. నా పరువు పోతే చూడాలని మేడ్చల్ చుట్టుపక్కల చాలామందికి ఎప్పటినుంచో కోరిక, ముఖ్యంగా నా దగ్గర ప్లాట్లు కొన్నవాళ్లకు. వాళ్లు కాస్త ముందుకు జరిగి కూర్చోవచ్చు.

అవును, నేను ప్లాట్లు అమ్ముతాను. మా తాతలు జొన్నలు పండించిన నేలలో నేను ఆర్చీలు పండిస్తున్నాను. మేడ్చల్ నుంచి మీరు ఏ దిక్కుకు వెళ్లినా, ఖాళీ ఎర్రమట్టి నేల ముందు ఒక పెద్ద ఆర్చి ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది కదా, అలాంటివి కొన్ని నావే. ఆర్చి దాటాక ఏముంటుందని మాత్రం అడక్కండి. దాటి వెళ్లిన మీరే ఉంటారు.

ఈ వ్యాపారంలో కొన్ని కిటుకులున్నాయి. ఎవరికీ చెప్పకూడదు కానీ, మీరు పరాయివాళ్లు కాదు కనుక చెబుతున్నాను. కొత్త వెంచర్‌లో ప్లాట్ల అమ్మకం మొదలుపెట్టే లాంచింగ్‌కు ముందురోజు పచ్చగడ్డిని చాపల్లా చుట్టి లారీలో తెప్పించి మట్టి మీద పరిపిస్తాం. పిల్లలు ఎక్కి తిరగడానికి ఒక తెల్లగుర్రాన్ని కిరాయికి మాట్లాడతాం. అది ఒక చుట్టు తిరిగి ఆగినప్పుడల్లా, "రాండ్రి, రాండ్రి" అని నేను జనాన్ని కేకేస్తాను. పిల్లలు గుర్రం దిగరు, వాళ్లు దిగేదాకా తల్లిదండ్రులు కదలరు, కదలని మనిషికి ఏదైనా అమ్మవచ్చు. అప్పటికీ నసిగేవాడికి చివరి మందు ఫోను. మా పార్ట్‌నర్ మల్లేశ్ టెంటు వెనక నుంచి నాకు ఫోన్ కొడతాడు. నేను పక్కనున్న కస్టమర్‌కు వినబడేలా, "తూర్పు కార్నరా అన్నా? ఇగ రెండే ఉన్నయి, జల్దీ జెప్పు" అంటాను. ఆ తర్వాత కస్టమర్ చెయ్యి దానంతటదే జేబులోకి వెళుతుంది.

ఆ మాట నేను ఎన్నిసార్లు అనేవాణ్నో లెక్కలేదు. మా ఇంట్లో చిలుక ఉంటే అదీ నేర్చుకునేది. చిలుక లేదు గానీ మా అమ్మాయి జోషిత ఉంది. సెలవు రోజుల్లో లాంచింగ్‌లకు నా వెంటే వచ్చి, పొద్దంతా ఆ గుర్రం మీదే ఉండేది.

మా జోషితతో ఒకటే చిక్కు. ఇంట్లో దాని నోరు మూయించడానికి ఇద్దరం చాలం. బయటి మనిషి నీడ పడితే మాత్రం ఎవరో నోరు కుట్టేసినట్టే. పేరు అడిగితే తల్లి చున్నీలో దూరిపోయేది. మా ఆవిడ సరితకు ఇదే బెంగ. "బడిల దాహమైతే అడగదు, దెబ్బ తాకితే చెప్పదు. గీ పిల్లను ఎవల చేతుల పెడుదుమయ్యా?" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నాకూ బెంగే, కానీ మగవాణ్ని కదా, నా బెంగ గూగుల్‌లో వెతుకుతూ ఉండేది.

మా కాలనీలో చర్చి వెనక రూతు టీచరమ్మ బడి ఉంది. బడి అనడానికి నాకు అప్పట్లో మనసొప్పేది కాదు. పైన రేకులు, ముందు తుప్పు పట్టిన గేటు, వాకిట్లో జామచెట్టు, దానికి ఒక్కటే ఉయ్యాల. సరిత ఒకరోజు జోషితను అక్కడికి తీసుకెళ్లింది. అన్నాల వేళ. పిల్లలంతా చాప మీద వరసగా కూర్చుని తింటున్నారు. మా పిల్ల కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, చెప్పులు విడిచి, ఇద్దరు పిల్లల మధ్య సందు చూసుకుని కూర్చుందట. టీచరమ్మ ఏమీ అడక్కుండా పెరుగన్నం పెట్టింది. అది తిని, "ఇంగొంచెం" అంది. బయటి మనిషితో మా పిల్ల పలికిన మొదటి మాట అది.

సరిత ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. టీచరమ్మ తన చేతుల్లో పట్టేటంత మందినే తీసుకుంటుందని, జోషితకు ఒక చోటు అట్టిపెడతానందని చెప్పింది. నేనేం చేశానో వినండి. నవ్వాను. ఆర్చి లేని బడి ఏం బడి అన్నాను. మేడ్చల్ శీనన్న బిడ్డ రేకుల కింద చదివితే రేపు నా మొహం చూసి ప్లాటు ఎవరు కొంటారన్నాను. సరిత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "పిల్లను బడికి తోలుతున్నమా, వెంచర్ల ప్లాటు కొంటున్నమా?" అంది. చాలా మంచి ప్రశ్న. జవాబు నాకు జూన్‌లో తెలిసింది.

ఆ ఆదివారమే ఇద్దర్నీ కారెక్కించి శామీర్‌పేట రోడ్డులో కొత్తగా వెలిసిన బడికి తీసుకెళ్లాను. దాని పేరు చెప్పను. పేరులో నాలుగు ఇంగ్లిషు మాటలున్నాయి, అందులో ఒక్కటీ బడి అని కాదు. ఆర్చి చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. నా ఆర్చీలన్నీ దాని ముందు పిల్లకాయలు. లోపల ఎటుచూసినా పచ్చగడ్డి. నా బూటు తగిలి ఒకచోట గడ్డి అంచు చాప కొసలా పైకి లేచింది. బుర్ర ఉన్నవాడు అక్కడే కారు తిప్పేవాడు. నేను, "మంచి క్వాలిటీ వేసిండ్రు" అని సరితకు చూపించి, కాలితో దాన్ని సర్ది మరీ ముందుకు నడిచాను.

గడ్డి మధ్యలో ఒక తెల్లగుర్రం కట్టేసి ఉంది.

"నాయినా, మన గుర్రం" అంది జోషిత.

మీరు ఇప్పుడు నవ్వుతున్నారు. సరిత కూడా తర్వాత చాలాకాలం నవ్వింది. నేను మాత్రం, "తెల్లగుర్రాలన్ని నీయేనా బిడ్డా?" అని ముద్దు చేశాను. లాంచింగ్‌లో ఆ గుర్రం ఎర్రగుడ్డ, అద్దాలు, మొహం నిండా పూసలతో ఉండేది. ఇక్కడ తోలు జీను వేసుకుని, ఫారిన్ నుంచి దిగినట్టు నిలబడింది. చొక్కా మారిస్తే మనిషిని పోల్చుకోలేని నేను గుర్రాన్నేం పోల్చుకుంటాను.

నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చి, తాను కౌన్సెలర్‌నని చెప్పుకుంది. జోషిత వంక కన్నెత్తి చూడలేదు. నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, "మీ డ్రీమ్ ఏంటి సార్?" అని అడిగింది. నాకు డ్రీమ్ లేదని అప్పుడే తెలిసి సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలి కనుక, "పాప పెద్దది కావాలె మేడం" అన్నాను.

"తప్పకుండా చేస్తాం సార్" అంది.

ఆ భరోసాకు నేను కరిగిపోయాను. నర్సరీ నుంచే గుర్రపుస్వారీ నేర్పిస్తారట. లీడర్లను తయారు చేస్తారట. మా పాపకు జంతువులంటే ప్రాణమని, గుర్రాన్ని చూడగానే మాట్లాడిందని గొప్పగా చెప్పాను. సరిత ఒక్కటే అడిగింది. పిల్ల కొత్తవాళ్లతో మాట్లాడదు, దాహమైతే ఎవరు కనిపెడతారు అని. దానికి జవాబుగా కౌన్సెలర్ మాకు నీళ్లు శుద్ధి చేసే యంత్రాన్ని చూపించింది.

ఇంటికెళ్లి ఆలోచిద్దామని సరిత నా మోచేయి గిల్లింది. నేను కుర్చీలోంచి సగం లేచాను కూడా. సరిగ్గా అప్పుడు కౌన్సెలర్ ఫోన్ మోగింది. ఆమె ఫోన్ చెవిన పెట్టుకుని, మాకు వినబడేలా, "నర్సరీయా మేడం? రెండే సీట్లున్నాయి, త్వరగా చెప్పండి" అంది.

రోజూ గాలం వేసేవాణ్ని, నా గాలమే నా ముందుకొస్తే గుటుక్కున మింగాను. సరిత నోరు తెరిచేలోపు టోకెన్ అడ్వాన్సు కట్టేశాను.

మర్నాడు పొద్దున్నే రూతు టీచరమ్మ దగ్గరికి వెళ్లి, ఏదో దానం చేస్తున్నవాడిలా, మా పాప చోటు ఎవరికైనా ఇచ్చుకోమన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మంచిది బిడ్డా. పిల్ల యాడున్నా సల్లగుండాలె" అని జోషిత చేతిలో ఒక జామపండు పెట్టింది. జోషిత పండు తినకుండా ఉయ్యాల వైపు చూస్తూ నిలబడింది. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

ఇక జూన్ వచ్చింది. బడి ప్రారంభోత్సవం. తల్లిదండ్రులందర్నీ గడ్డి మీద టెంటు కింద కూర్చోబెట్టారు. కుర్చీ వెనక టెంట్ హౌస్ పేరు చూస్తే, మా లాంచింగ్‌లకు వచ్చే కుర్చీలే. నాకు ఇంట్లో ఉన్నంత హాయిగా అనిపించింది. ముఖ్య అతిథిగా మా ప్రాంతపు నాయకుడొకాయన వస్తున్నాడు. ఒక పాప గుర్రమెక్కి వెళ్లి ఆయనకు పూలగుత్తి ఇవ్వాలట. జంతువులంటే ప్రాణమున్న పాప ఎవరని వెతికి మా జోషితను పిలిచారు. నేను కాలరు సర్దుకుని, పిల్లను ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాను. సరిత వద్దంటూనే ఉంది.

టోపీ, నల్లకళ్లద్దాలు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకున్న స్వారీ మాస్టరు కళ్లెం పట్టుకుని నా చెవి దగ్గరికి వంగాడు.

"శీనన్నా, నువ్వేంది గీడ? లాంచింగు నీదేనా?"

కళ్లద్దాల వెనక సూరారం యాదగిరి. మా వెంచర్లకు గుర్రం తెచ్చే యాదగిరే. పెళ్లిళ్ల సీజన్‌లో పెళ్లికొడుకుల బరాత్ ఊరేగింపులకు, మిగతా రోజుల్లో నాలాంటివాళ్లకు గుర్రాన్ని తిప్పుతాడు. "గిది బడి కాదారా?" అన్నాను. "ఏమో అన్నా. గడ్డి, టెంటు, ఆర్చి సూసి నీదే అనుకున్న" అన్నాడు పాపం, నిజాయితీగా.

పిల్లను దింపుదామని చేతులు చాచేలోపే నాయకుడి కారు ఆర్చిలోకి వచ్చింది. ఆయన మనుషులు బ్యాండు తెచ్చుకున్నారు. బ్యాండువాళ్లకు బడేంది, పెళ్లేంది, వచ్చిన పాటే కొట్టారు. బరాత్ పాట.

గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. ఇన్నాళ్లకు దానికి తెలిసిన పని దొరికింది. ముందు కుడికాలు ఎత్తింది, తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత నడుమంతా తిప్పుతూ ఆడటం మొదలుపెట్టింది. దాని డెక్కల కింద గడ్డి చాపలు ఒక్కొక్కటే లేచి ముడుచుకుపోయాయి, కింద ఎర్రమట్టి బయటపడింది. దుమ్ము నాయకుడి తెల్లచొక్కా దాకా వెళ్లింది. బడి డైరెక్టరు మైకులో, "ఇది కూడా మా కార్యక్రమంలో భాగమే" అని చెబుతున్నాడు. యాదగిరి కళ్లెం వదల్లేదు, నేను జోషిత కాలు వదల్లేదు.

ఉన్నట్టుండి బ్యాండు ఆగింది. గుర్రం ఆగింది. గుర్రం మీద మా పిల్ల భయపడలేదు సరికదా, మొహం వెలిగిపోతోంది. గుర్రం ఆగగానే లాంచింగ్‌లో నాయిన ఏమని అరుస్తాడో దానికి బాగా తెలుసు. కొత్తవాళ్ల ముందు పెదవి విప్పని నా బిడ్డ, అంతమంది ముందు గొంతెత్తి అరిచింది.

"రాండ్రి, రాండ్రి! ఇగ రెండే ఉన్నయి! జల్దీ జేయిండ్రి!"

ముందు వరసలో ఒకాయన పక్కాయన వైపు తిరిగాడు. "మీకు సుత రెండే సీట్లున్నయన్నరా?" పక్కాయన తన పక్కాయన్ని అడిగాడు. ఆ ప్రశ్న వరసలు దాటుకుంటూ వెనక్కి వెళ్లి, చివరికి లేచి నిలబడిన మనుషుల రూపంలో ముందుకొచ్చింది. అందరికీ రెండే అన్నారు. అందరి ముందూ ఫోన్ మోగింది. సరిగ్గా ఆ సమయానికి కౌన్సెలర్ ఫోన్ మళ్లీ మోగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి నిజం ఫోనేమో, పాపం.

మేము ఇంటి దారి పట్టాం. టోకెన్ తిరిగి ఇవ్వరు. ఆ నియమం మా వ్యాపారంలోదే కనుక వాదించే మొహం నాకు లేదు. అల్వాల్ మా దారిలో లేకపోయినా నేను దారి తప్పి అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చర్చి దగ్గరికి రాగానే సరిత, "ఆపు" అంది.

రూతు టీచరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. చోటు ఉందా అని అడిగేలోపే ఆమే చెప్పింది. "మీరొద్దన్నంక ఇంకో పిల్లకు ఇచ్చిన బిడ్డా. ఇగ చోటు లేదు." రెండు కాదు, ఒకటీ లేదు. ఫోన్ కూడా మోగలేదు. ఒక బడిలో నేను విన్న మొదటి నిజం అదే. సరిత కళ్లు నిండాయి. నా మీద కోపం కూడా లేదు వాటిలో, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇంతలో జోషిత చెప్పులు విడిచింది. మమ్మల్ని అడగలేదు, టీచరమ్మను అడగలేదు. చాప దగ్గరికి వెళ్లి, "జర జరుగు" అంది ఒక పిల్లతో. ఆ పిల్ల జరిగింది. ఆ పక్క పిల్లా జరిగింది. మా పిల్ల కూర్చుంది.

టీచరమ్మ మా వైపు తిరిగింది. "కూసున్న పిల్లను లేపే అలవాటు నాకు లేదు. మీరు పోండ్రి" అంది.

ఆనందం పట్టలేక, గేటుకు మంచి ఆర్చి కట్టిస్తానన్నాను. సరిత నన్ను చూసిన చూపుకు ఆ మాట అక్కడే చచ్చిపోయింది. చివరికి వానకు కారే రేకులు మార్పించాను.

నెల తిరక్కుండానే టీచరమ్మ నన్ను పిలిపించింది. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టి, వాకిట్లోకి చూపించింది. ఉయ్యాల పక్కన జోషిత నిలబడి ఉంది. చెవి దగ్గర ఒక ఖాళీ పెన్సిల్ డబ్బా. డబ్బాలోకి, "ఇగ రెండే ఛాన్సులున్నయి, జల్దీ జెప్పు" అంటోంది. ఎదురుగా పిల్లలు బారులు తీరారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిస్కెట్టు.

"మాట్లాడతలేదని మీ ఇంటామె ఏడ్చె గదా. ఇప్పుడు నా ఉయ్యాల అమ్ముతాంది" అంది టీచరమ్మ.

కాబట్టి, తుప్పు పట్టిన ఆ గేటు సాక్షిగా, ఆ ఉయ్యాల గొలుసు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బిడ్డ కోసం ఏ చోటు చూసినా ఆర్చి చూడను, గడ్డి చూడను, గుర్రాన్ని అసలే చూడను. చెప్పులు విడిచి అది కూర్చుంటుందా లేదా అన్నదే చూస్తాను. "రెండే ఉన్నయి" అన్న మాట అది నిద్రపోతున్నప్పుడు కూడా దాని దగ్గర అనను. ఎందుకంటే ఆ రోజు ఉయ్యాల ముందు బిస్కెట్టు పట్టుకుని నేనూ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఛాన్సులు అయిపోయాయంది.