కొలతకు నిలబడిన మనిషి

లేత్ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. వెంట్రుకలో సగం మందం తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేసేవాడు. పాత లెన్సులు కొత్త కెమెరాలకు పట్టవు, మధ్యలో ఓ ఇత్తడి రింగు కావాలి. భోజనాల వేళ అన్నం చల్లారిపోతున్నా లెక్కచేయకుండా ఆ రింగులు చేసి ఇచ్చేవాడు కాబట్టి, చేత్తో తిప్పి ఫోకస్ చేసే లెన్సుల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆయన రింగు మాస్టారు. ఈ పిచ్చివాళ్ళు రెండువందల మంది కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎక్కడెక్కడో తిరిగి తీసిన కొండల్నీ లోయల్నీ అందులో పెట్టి, పైకి మెచ్చుకుంటూ లోపల్లోపల కుళ్ళుకుంటూ కాలక్షేపం చేస్తుంటారు.

మాస్టారికి కొండలంటే ప్రాణం. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, భార్యను వెంటబెట్టుకుని బస్సెక్కేవాడు. ఎంత ముచ్చటైన జంటో అనుకునేరు. కొండ ఎంత పెద్దదో ఫోటోలో తెలియాలంటే పక్కన ఓ మనిషి నిలబడి ఉండాలి. అందుకు ఆవిడ. పచ్చటి గడ్డిలో బాగా కనబడుతుందని ఆవిడకో ఎర్ర శాలువా కూడా కొన్నాడు. ఆయన కొనిపెట్టిన మొట్టమొదటి శాలువా అదే.

"ఇంకొంచెం పైకి... ఆ రాయి దాకా! ఇటు తిరక్కు, అటే చూడు!" అని కిందనుంచి కేకలు వేసేవాడు. ఆవిడ కిమ్మనకుండా ఎక్కేది. ఫోటోలో చూస్తే గోరంత ఎర్రచుక్క. గ్రూపులో ఆవిడకి కొలత వదిన అని పేరు పడిపోయింది. "ఈసారి వదినగారు చీమంత ఉన్నారు, కొండ అదిరింది మాస్టారూ" అని ఎవరో రాస్తే ఆయన పొంగిపోయి, వంటింట్లోకెళ్ళి మరీ చదివి వినిపించేవాడు. ఆవిడ కూడా నవ్వేది.

ఒక ఉదయం గిన్నెలు తోముతూ తోముతూ ఆవిడ పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. "గుండె చాన్నాళ్ళుగా నీరసించి ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చుండాలే, మీరు గమనించలేదా?" అని డాక్టరు అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మూడు వారాల తర్వాత, రోజూ వచ్చిపోయే కూతురు ఒక మాట అడిగింది. రెండు వీధుల అవతలే ఉంటుంది, బట్టల కొట్లో పని.

"నాన్నా, అమ్మ మొహం బాగా కనబడే ఫోటో ఒకటి ఇవ్వు. పెద్దదిగా పటం కట్టిస్తా. నా ఫోన్ నీళ్ళలో పడ్డప్పుడు అన్నీ పోయాయి."

"ఒకటేంటమ్మా, పన్నెండు వేలున్నాయి" అన్నాడు మాస్టారు.

అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆయన కూర్చుని ఒక్కొక్కటే తెరిచాడు. ఎర్రచుక్కను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. శాలువా వీపు తప్ప ఏమీ లేదు. మరునాడూ అదే పని. కొన్నింటిలో ఆవిడ దగ్గరగానే ఉంది, నీళ్ళసీసా అందించడానికి వచ్చి కెమెరాకి అడ్డంపడ్డవి. వాటిలో వెనక కొండమీది చెట్లు ఆకు ఆకు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టుంది.

ఎందుకుండదు? దూరంగా ఉన్న కొండ కోసం లెన్సు రింగును చివరిదాకా తిప్పి, పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు దగ్గర ఆపాలి. చెయ్యి తగిలితే కదులుతుందని ఆయన అక్కడ నల్ల టేపు చుట్టేసేవాడు. అదో గొప్ప తెలివి అనుకుని గ్రూపులో పదిమందికి నేర్పాడు కూడా. టేపు చుట్టిన లెన్సుకి నాలుగు మైళ్ళ అవతలి చెట్టు కనబడుతుంది గానీ నాలుగడుగుల్లో నిలబడ్డ పెళ్ళాం కనబడదు.

పెళ్ళినాటి ఫోటో ఒకటుంది. అందులో ఉన్నది పంతొమ్మిదేళ్ళ పిల్ల, కూతురికి తెలిసిన అమ్మ కాదు. గుర్తింపు కార్డు మీద చూస్తే సరిగ్గా మొహం మీదే ముద్ర పడింది. ఫోన్‌తో తీసింది ఫోటోనే కాదని ఎద్దేవా చేసిన మనిషి, ఇప్పుడు తన ఫోనంతా గాలించి ఇత్తడి రింగుల బొమ్మలు చూసుకుని ఏడ్చాడు.

చివరికి సిగ్గు విడిచి గ్రూపులో రాశాడు. "మా ఆవిడ ఫోటో దగ్గర్నుంచి తీసింది మీలో ఎవరి దగ్గరైనా ఉందా?" అందరూ అయ్యో అన్నారు. మీరు పెట్టినవే మా దగ్గరున్నాయి మాస్టారూ, అన్నారు. సాయంత్రానికి ఒక్కరు మాత్రం విడిగా రాశారు. రిటైరైన డ్రాయింగు టీచరమ్మ, రెండేళ్ళ క్రితం ఒకసారి వీళ్ళతో కలిసి కొండకు వచ్చినావిడ.

"ఒకటుంది. మీరేమనుకుంటారోనని ఇన్నాళ్ళూ పంపలేదు."

ఆయన ఫోటో తెరిచాడు. ఆవిడే. కనుబొమల్లో తెల్లవెంట్రుకతో సహా ఎంత స్పష్టంగా ఉందో! దారి పక్కన రాతిమీద కూర్చుని ఉంది. శాలువా జారిపోయింది, నోరు తెరుచుకుని ఉంది, ఒక చెయ్యి రాతిని పట్టుకుంటే ఇంకో చెయ్యి గుండెమీద ఉంది. చూపు దారి వెంట ముందుకు ఉంది. ఆ చూపు చివర, మసకమసగ్గా, వీపు ఇటు పెట్టి కెమెరామీదికి వంగి ఉన్న మనిషి తనే.

ఆ రోజు ఆయనకు బాగా గుర్తు. శిఖరం అంచున ఎర్రచుక్కతో ఆయన తీసిన ఫోటోని గ్రూపులో అందరూ ఆకాశానికెత్తేశారు. అంత పేరు ఇంకే ఫోటోకీ రాలేదు.

కూతురు పని దిగి వచ్చాక ఫోటో చూపించాడు. ఆమె నిలబడే చూసింది.

"ఇంకోటి లేదా నాన్నా?"

"లేదమ్మా."

"ఎప్పటిది?"

"రెండేళ్ళయింది."

"అప్పటికే ఆయాసం ఉందన్నమాట. అమ్మ నీతో ఏమీ అనలేదా?"

అనలేదని చెప్పేస్తే సరిపోయేది. డాక్టరు దగ్గర అదే చేశాడు. కానీ కూతురు చేతిలో ఆ మొహం అలా ఉండగా ఆయనకు అబద్ధం నోట రాలేదు.

"అంది. కాసేపు కూర్చుంటానండీ అంది. వెలుగు పోతోంది, తొందరగా ఎక్కమన్నాను."